ఐసు ఫ్యాక్టరీలో మోగిన జముకు

మా నోరు నొక్కింది మీరే. సభలు పెట్టే పెద్దలారా, ముందు వరస సోఫాల్లో కూర్చునే కమిటీవాళ్లారా, మిమ్మల్నే అంటున్నాను, పక్కకి చూడకండి. జానపదం చచ్చిపోతోందని మైకు ముందు గొంతు పూడుకుపోయేలా మాట్లాడిందీ మీరే, మా కథని ఐదు నిమిషాలకి కోసిందీ మీరే. ముఖ్య అతిథి కారు దారిలో ఉంది, ఆయన వచ్చేదాకా ఏదో ఒకటి వాయించండి అన్నారు. వాయించాం. కారు వచ్చింది. చాలు చాలు, దిగండి అన్నారు. శాలువా కప్పారు. ఎందుకు కప్పారు? చలికా? మే నెలలో?

నేను ఒక జముకుని. జముకు అంటే ఏమిటో మీలో చాలామందికి తెలీదు, ఆ తప్పు నాది కాదు. విజయనగరం, శ్రీకాకుళం పక్కల కథలు చెప్పేవాళ్ల చంకలో ఉంటాను. ఇత్తడి ఒళ్లు. ఒక పక్క మేకతోలు, రెండో పక్క ఖాళీ. తోలు నడిమధ్యనుంచి నరంతో చేసిన తీగ ఒకటి నా కడుపులోంచి బయటికి వస్తుంది, దాని కొసకి చిన్న కర్రముక్క. ఆ కర్రముక్కని ఎడమచేత్తో బిగపట్టి కుడిచేత్తో తీగని మీటితే నేను జుమ్ముమంటాను. బిగిస్తే ఏడుస్తాను, వదిలితే గదమాయిస్తాను. నాకు సరిగమలు రావు. మనిషి మాట్లాడే తీరు మాత్రం వచ్చు.

అంతకుముందు నేను కుంచాన్ని. ఒక కామందు గాదె దగ్గర ధాన్యం కొలిచేదాన్ని. ఆయన వడ్లు పోయించుకునేటప్పుడు నన్ను శుభ్రంగా తుడిచేవాడు, కూలివాళ్లకి కొలిచేటప్పుడు నా అడుగున గుడ్డ కుక్కేవాడు. గుడ్డ కూడా కూలిలో భాగమే అనుకున్నాడో ఏమో. అలా కుక్కీ కుక్కీ నా అడుగు చిల్లుపడితే పెంట మీద పారేశాడు. కథలు చెప్పే సూరప్పడు నన్ను ఏరుకుని, కంచరివాడి చేత అడుగు మొత్తం కోయించేసి తోలు బిగించాడు. అడుగు ఉన్నంతకాలం నేను అబద్ధం కొలిచాను. అది పోయాకే నాకు గొంతు వచ్చింది.

సూరప్పడి తరవాత నేను ఆయన కూతురు అసిరమ్మ చంకలోకి వచ్చాను. ఇది అసిరమ్మ సంగతి. నా సంగతంటూ వేరే లేదు.

అసిరమ్మ గట్టి మనిషి. పొట్టిగా, నల్లగా, గొంతు విప్పితే పొలిమేర అవతల కుక్కలు లేచి కూర్చునేవి. ఆవిడ కథ చెబుతుంటే వెనక మొగుడు బంగారి నిలబడి వంత పాడేవాడు. వంత అంటే ఆహా ఓహో అని తలాడించడం అనుకుంటారు మీరు. కాదు. మా కథకి ఒక పద్ధతి ఉంది. కష్టమైన చోట కథ చెప్పేది ఆగిపోతుంది. వంత "అప్పుడేటయ్యింది?" అని అడగాలి. అడిగితేనే కథ ముందుకి. అడక్కపోతే అదే చరణం తిరిగి తిరిగి పాడుతుంది తప్ప కాలు కదపదు. అడగమని వంతకి సైగ చెయ్యడం కూడా తప్పే. తెలుసుకోవాలని ఒకడికి నిజంగా అనిపించాలి, అడగాలి. బంగారికి ప్రతిసారీ నిజంగానే అనిపించేది. జీవితమంతా అదే కథ విని, చివర తెలిసి కూడా, నోరు తెరుచుకుని అడిగేవాడు. అలాంటి మొగుడు పోయాడు. తరవాత ఏమయ్యిందో చెప్పక్కర్లేదు.

అసిరమ్మకి అన్నిటికన్నా ఇష్టమైనది ఉప్పుగంప రాజులమ్మ కథ. రాజులమ్మ సముద్రపు ఒడ్డున ఉప్పుమడుల్లో ఉప్పు గంపకెత్తుకుని కొండల మీది పల్లెలకి మోసేది. దారికి అడ్డంగా సుంకం గేటు, గేటుకి పెద్ద దుంగ. సగం ఉప్పు పోసి వెళ్లమన్నాడు సుంకరి. నేను పొయ్యను అంది. అయితే కదలొద్దు అన్నాడు. సరే అని దుంగ ముందు కూర్చుంది. వాన మొదలైంది. ఉప్పు కరుగుతోంది.

మీ ఐదు నిమిషాలు సరిగ్గా అక్కడ అయిపోయేవి. ఎన్ని సభల్లో, ఎన్ని ఏళ్లు ఆవిడని వానలో కూర్చోబెట్టి మీరు చప్పట్లు కొట్టారో! ఒకసారైతే వంతకి మనిషి లేడంటే డాన్సు స్కూలు పిల్లలిద్దరికి పట్టులంగాలు కట్టి నిలబెట్టారు. పాపం వాళ్లు "ఆహా" బాగానే బట్టీపట్టారు. రాజులమ్మ ఏడుస్తుంటే కూడా ఆహా అన్నారు.

సభ అయ్యాక అసిరమ్మ ఇంటికి వచ్చి అన్నం దగ్గర కూర్చుని తినేది కాదు. "అది వానలో కూకుంది, నానేటి తింటాను" అనేది. మనుషులు దీన్ని పిచ్చి అంటారు. తాము మొదలెట్టిన ఏ పనినీ సగంలో వదిలెయ్యని వాళ్లలా అంటారు. ఆవిడకి కావలసింది ఒక్కటే. ఆ కథని చివరిదాకా, జనం మధ్యలో, అడిగేవాళ్లు అడుగుతుండగా, చేతిలో బిగువు ఉండగానే ఇంకొక్కసారి చెప్పాలి.

మోకాళ్ల వైద్యానికి ఆవిడ విశాఖపట్నంలో అన్నకూతురు హేమలత దగ్గరికి వచ్చింది. నన్నూ తెచ్చుకుంది. హేమలత స్కూటర్ల సర్వీసు సెంటర్లో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. వారమంతా మెత్తగా "సార్, మీ బండి రెడీ" అంటుంది, ఆదివారం గొంతు చించుకుని అరుస్తుంది. స్నేహితులతో కలిసి పెట్టుకున్న బ్యాండు పేరు తుప్పు. చేపలరేవు వెనక మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీలో ఆదివారం మధ్యాహ్నాలు ఇలాంటి బ్యాండ్లు నాలుగు పోగవుతాయి. వీళ్లది వాళ్లు వింటారు, వాళ్లది వీళ్లు వింటారు. ఊరి పాటనీ పంక్ అనే అరుపునీ ఒకే కుండలో వేసి కలుపుతారు.

మొదటిసారి అక్కడికి పోయినప్పుడు నాకు ఒళ్లంతా కళ్లే. ఎల్లాజీ అనే కుర్రాడి గిటారు చూశాను. జాలారిపేట వాడు, తండ్రితో చేపల వేటకి వెళతాడు, మిగతా వేళ తీగలు లాగుతాడు. ఆ గిటారు పలక మీద తీగలున్నాయి గానీ దానికి కడుపు లేదు. కడుపు లేనిదానికి అంత అరుపు ఎక్కడిది? చూడగా చూడగా తెలిసింది. దాని కడుపు దూరంగా ఒక నల్లపెట్టెలో ఉంది. మధ్యలో వైరు. కడుపు ఒకచోట, ఒళ్లు ఒకచోట పెట్టుకుని బతికే జీవిని చూడటం అదే మొదలు. ఇంకో సంగతి. పాట తప్పితే ఎవరూ సిగ్గుపడటం లేదు. డ్రమ్ముల కుర్రాడి చేతిలో పుల్ల విరిగితే జనం సంతోషించారు. మీ సభల్లో గొంతు జీరపోతే మొహాలు చిట్లించే మిమ్మల్ని చూసి చూసి ఉన్నదాన్ని, నాకు ఇదంతా వింతే.

అసిరమ్మ ఒక పక్క చేపల బుట్ట బోర్లించుకుని కూర్చుంది. ఎల్లాజీ వచ్చి నన్ను వంగి చూశాడు.

"మామ్మా, ఇదేటి? ఒక్కపాలి మీటవా?"

అసిరమ్మ మీటింది. నేను జుమ్ముమన్నాను. వాడు రెండు అడుగులు వెనక్కి వేశాడు. "ఓలమ్మో! మా బేసు గిటారు దీని ముందు దోమరా బాబూ!"

"దోమకి రగతమైనా కావాల. నీదానికి కరెంటు కావాల" అంది అసిరమ్మ.

అంతే, దోస్తీ కలిసిపోయింది. హేమలత రాజులమ్మ కథ గురించి వాళ్లకి చెప్పింది. చిన్నప్పుడు ఎన్నోసార్లు విన్నదట, ప్రతిసారీ వాన దగ్గర నిద్రపోయేదట. "చివరికేటయ్యింది అత్తా?" అని బుగ్గలు పట్టుకుని అడిగింది. అసిరమ్మ చెయ్యి విదిలించింది. "నోటితో సెప్పీడానికి అదేటి బస్సు టైమేటే? జముకుండాల, జనముండాల. అప్పుడు సూద్దాం."

జనం ఉన్న ఆదివారం వచ్చింది. తుప్పుకి అరగంట ఇచ్చారు. టైము చూసే చక్రి అనే కుర్రాడు చాలా ధర్మంగా ఉండే మనిషి, నలుగురికీ ఒకే కొలత. హేమలత పాట ఎత్తుకుంది, ఎల్లాజీ గిటారు, డ్రమ్ములు, మధ్యలో అసిరమ్మ, ఆవిడ చంకలో నేను. నా నోటి దగ్గర మైకు ఒకటి కట్టారు. నా గొంతు నల్లపెట్టెలోంచి బయటికి వచ్చి నాకే తగిలింది. నేనేనా అది, అనుకున్నాను.

రాజులమ్మ గంప ఎత్తుకుంది. దారి పట్టింది. జనం ఊగడం మొదలెట్టారు. తరవాత ఒకరినొకరు తోసుకోవడం మొదలెట్టారు. గుండ్రంగా చోటు చేసుకుని అందులోకి దూకి భుజాలు భుజాలు గుద్దుకుంటున్నారు. జుట్లు విరబోసుకుని తలలు ఎగరేస్తున్నారు. నేను కొట్లాటే అనుకున్నాను మొదట. కానీ నవ్వుతున్నారు. ఒకడు పడితే తోసిన చేతులే వాణ్ని లేపుతున్నాయి. ఇదేం కొట్లాట?

అసిరమ్మకి మాత్రం అనుమానమే లేదు. ఆవిడ జీవితంలో అలా తలలు ఎగరేసేవాళ్లని అమ్మవారి జాతర్లలోనే చూసింది. వాయిస్తూనే హేమలత చెవిలో అంది. "ఒలే హేమా, సూస్తన్నావేటి? అమ్మోరు దిగీసింది. ఒకరికి కాదే, ఇంతమందికి!"

మాకు ఇంకో పద్ధతి ఉంది. మనిషి మీద పూనకం ఉండగా జముకు ఆపకూడదు. ఆపితే అమ్మవారు దిగిపోవడానికి దారి దొరకదు, ఆ మనిషికి చేటు. తల్లి శాంతించేదాకా వేళ్లు తెగినా వాయించాల్సిందే. ఇక చూడండి తమాషా. వాళ్లు ఎగురుతున్నారు గనక ఆవిడ ఆపదు. ఆవిడ ఆపదు గనక వాళ్లు ఎగురుతారు.

కథ సుంకం గేటు దగ్గరికి వచ్చింది. రాజులమ్మ కూర్చుంది. వాన. అసిరమ్మ అక్కడ ఆగి వాన చరణం పాడింది. ఎవరూ అడగలేదు. మళ్లీ పాడింది. అడగలేదు. వాళ్లకేం తెలుసు? హేమలతకీ తెలీదు, వాన దగ్గర నిద్రపోయిన పిల్ల కదా. అసిరమ్మ ముందుకి పోలేదు, ఆపనూ లేదు. వాన చరణం చుట్టూ తిరుగుతూనే ఉంది. మధ్యలో ఒకసారి వెనక్కి, బంగారి నిలబడే పక్కకి తల తిప్పింది. అక్కడ నల్లపెట్టె ఉంది.

చక్రి వేదిక దగ్గరికి వచ్చాడు. "మామ్మగారూ, టైమైపోయిందండీ. నెక్స్టు బ్యాండు రెడీగా ఉంది."

"నీకు కళ్లు లేవేట్రా బాబూ? మనిసి మీద అమ్మోరుండగా వాయిద్దెం ఆపీమంటావేటి? ఆ పిల్లగుంటలకేటైనా అయితే ఆలమ్మలకి నువ్వు సెప్తావేటి?"

చక్రి హేమలత వైపు చూశాడు. హేమలత ఒక్క మాట అంటే చాలు. అత్తా, అది పూనకం కాదు, వాళ్లు ఆడుతున్నారంతే, అంటే చాలు, నేను ఆగిపోయేదాన్ని. పక్క బ్యాండు ఎక్కేది. రాజులమ్మ ఇంకోసారి వానలోనే. నిజం చెప్పడం గొప్ప విషయమని బడుల్లో నేర్పిస్తారు. ఎప్పుడు మింగాలో ఎవరూ నేర్పరు. "ఆపకత్తా" అని మాత్రం అంది హేమలత.

ఇంతలో కరెంటు పోయింది. ఎవరూ తీయలేదు, అదే పోయింది. మన ఊళ్లో కరెంటుకి కారణం అక్కర్లేదు కదా. గిటారు అరుపు మధ్యలో తెగిపోయింది. కడుపు వేరేచోట పెట్టుకున్నవాళ్ల గతి అంతే. నేను మాత్రం జుమ్ముమంటూనే ఉన్నాను. చీకటి గోడలు, ఐసు గదుల ఇనప తలుపులు, వాటికి తగిలి నా గొంతు తిరిగి వస్తోంది. జనం కాళ్లతో నేలని తన్నుతూ నాకు దెబ్బ కలిపారు. తరవాత ఎక్కాల్సిన బ్యాండులో పాడే పిల్ల, నల్లచొక్కా వేసుకుంది, చక్రి భుజం మీద చెయ్యి వేసి, "మాకేం తొందర్లేదు, పాడనీ" అంది.

అప్పుడు ఎల్లాజీ తమ్ముడు మసేను జారి సరిగ్గా అసిరమ్మ కాళ్ల దగ్గర పడ్డాడు. చెమట, ఎగశ్వాస, కళ్లు తేలేశాడు. అసిరమ్మ వాయిస్తూనే వంగింది.

"ఏ తల్లివమ్మా నువ్వు? ఏటి కావాల నీకు?"

"నాను మసేన్ని మామ్మా. ఎల్లాజీ తమ్ముణ్ని."

"అబద్దాలాడకు తల్లీ. ఏటి కావాలో అడుగు, ఇస్తాను."

"మంచినీళ్లు."

ఎవరో సీసా ఇచ్చారు. తాగాడు. మోచేతుల మీద లేచాడు. వాన చరణం మళ్లీ మొదలైంది. వాడికి విసుగొచ్చిందో, జాలేసిందో, లేక నిజంగానే అనిపించిందో, గొంతు చించుకుని అన్నాడు: "అది సరే గానీ మామ్మా, అప్పుడేటయ్యింది? ఆవిడ లెగిసిందా లేదా?"

అసిరమ్మ లెక్కలో అడిగింది మసేను కాదు. సాక్షాత్తూ అమ్మవారే వంతకి నిలబడింది.

"సెప్తాను తల్లీ, సెప్తాను!"

కర్రముక్క బిగించింది. కథ కదిలింది. ఉప్పంతా కరిగిపోయింది. గంప ఖాళీ. సుంకరి నవ్వాడు: నీ దగ్గర ఇక సుంకానికేమీ లేదు, లే, పో. "అప్పుడేటయ్యింది?" అని ఈసారి హేమలత అరిచింది. పది గొంతులు అరిచాయి. తరవాత అందరూ. నేను పుట్టి ఇన్నేళ్లయినా అంత పెద్ద వంత వినలేదు. రాజులమ్మ లేచింది. కొండమీద జనం కళ్లు కాయలు కాసేలా చూస్తున్నారు, ఉత్త గంపతో ఎలా పోను అంది. వంగి, దారికి అడ్డంగా ఉన్న ఆ దుంగ కిందికి భుజం పెట్టింది. అప్పుడేటయ్యింది? లేపింది. అప్పుడేటయ్యింది? నెత్తిన పెట్టుకుంది. గంపలో ఉప్పులేదు గనక గేటునే మోసుకుని కొండెక్కిపోయింది. ఆ రాత్రి పల్లెలో ఆ దుంగని పొయ్యిలో పెట్టి గంజి కాచుకున్నారు. గంజిలో ఉప్పు లేదు. ఒక్కరూ వంక పెట్టలేదు.

చివరి మీటుకి నా తీగ తెగిపోయింది.

ఎగిరేవాళ్లు ఆగిపోయారు. కథ అయిపోయింది కాబట్టి ఆగారు. అసిరమ్మకి మాత్రం అమ్మవారు శాంతించి దిగిపోయింది. పసుపునీళ్లు చల్లాలి, పసుపేదీ? ఎవరి చేతిలోదో నిమ్మసోడా లాక్కుని అందరి నెత్తినా చిలకరించింది. నాలుగు బ్యాండ్లవాళ్లూ వరసకట్టి తలలు వంచారు. చక్రి కూడా వచ్చి నిలబడ్డాడు, వాచీ జేబులో వేసుకుని. ఆవేళ అసిరమ్మ హేమలత గదికొచ్చి రెండోసారి కూడా అన్నం పెట్టించుకుంది.

ఎల్లాజీ నాకు కొత్త తీగ వేశాడు. నరం దొరకలేదు, చేపలు పట్టే టంగూసు తాడు వేశాడు. గొంతు కాస్త మారింది. ఇది అసలైన జముకు కాదని పుస్తకాలు రాసేవాళ్లు అంటారు. అననివ్వండి. నేను అసలైన కుంచాన్ని కూడా కాను.

కథ ఇక్కడితో అయిపోతే నేను మిమ్మల్ని తిట్టి ఉండేదాన్ని కాను. మరుసటి ఆదివారం మీ కార్యదర్శిగారు ఐసు ఫ్యాక్టరీకి వచ్చారు. ఎవరో సెల్లు లైటేసి తీసిన వీడియో ఫోన్లో చూశారట. ముక్కుకి రుమాలు పెట్టుకుని అసిరమ్మతో అన్నారు: "ఆ దుంగ ఎత్తే బిట్టు అదిరిందమ్మా! మా ఉత్సవంలో పెడదాం. అదొక్కటే, ఐదు నిమిషాల్లో."

"వానలో కూకోకుండా దుంగెలగెత్తుద్ది బాబూ?"

"జనానికి అంత ఓపిక లేదమ్మా."

"ఏ జనానికి?" అంది అసిరమ్మ. చుట్టూ చూపించింది. మసేను, ఎల్లాజీ, నల్లచొక్కా పిల్ల, చేపల బుట్టలు మోసి చేతులు కడుక్కోకుండా వచ్చినవాళ్లు. ఆయన చూశారు. వాళ్లు ఆయనకి జనంలా కనబడలేదు.

ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీ పడగొడుతున్నారు. ఎవరో కొనుక్కున్నారు, గోడల మీద ఎర్రరంగు గీతలు కూడా గీశారు. నాలుగు బ్యాండ్లకి ఊళ్లో నిలబడే చోటు లేదు. పెళ్లి హాళ్లవాళ్లు సినిమా పాటలైతే రమ్మన్నారు. అసిరమ్మ గొంతులో మాత్రం ఇంకా కథలున్నాయి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క మనిషి ఎక్కడో ఒకచోట ఇరుక్కుని ఎదురుచూస్తోంది. వారం వారం హేమలత గదిలో ఈ కుర్రాళ్లు మంచాలు నిలబెట్టి, ఇరుకులో, గొంతు తగ్గించి వంత నేర్చుకుంటున్నారు. కింద ఇంటివాళ్లు కర్రతో పైకప్పు పొడుస్తున్నారు.

మీకు హాలుంది. మా పన్నులతో కట్టారు. ఏడాదిలో ఎక్కువ రోజులు దానికి తాళమే ఉంటుంది, లోపల ఖాళీ సోఫాలు చల్లగా కూర్చుంటాయి. ఆ తాళం తీయండి. ఆదివారం మధ్యాహ్నం నుంచి ఎప్పుడు అయితే అప్పటిదాకా. శాలువాలు వద్దు, బొమ్మలిచ్చి ఫొటోలు తీయొద్దు, గడియారం పట్టుకుని పక్కన నిలబడొద్దు. ఆ సోఫాలూ కుర్చీలూ అన్నీ బయట పెట్టించండి, మావాళ్లకి ఎగరడానికి నేల కావాలి. మీరూ రండి. వెనక చేతులు కట్టుకుని నిలబడొద్దు. కథ ఆగినచోట నోరు తెరిచి అడగండి.